గ్రేస్ పేరు మీద తెరిచిన కంప్యూటర్

ఆఫీసులో ఎవరు ఏ సైటు చూస్తున్నారో చూడడం నా ఉద్యోగం. మర్యాదగా చెప్పాలంటే సిస్టమ్స్ ఇన్‌ఛార్జిని. ఖరగ్‌పూర్ ఊరి బయట, రైలు వ్యాగన్లకు ఇనుప భాగాలు పోతపోసే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ఆ పని చేసి రిటైరయ్యాను. ఫ్యాక్టరీ పేరు రాయను. అక్కడ ఇంకా మనవాళ్ళు పనిచేస్తున్నారు.

మా తాత రైల్వే పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. నేను ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే రైల్వే పేటలో, క్వార్టర్లో పుట్టాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడుతూ పెరిగాను. ఫ్యాక్టరీలో అందరూ నన్ను రావ్‌దా, అంటే రావు అన్నయ్య, అనేవారు. బెంగాలీలకు తెలుగువాడు ఎవడైనా రావే. నా పేరు నిజంగానే రావు కావడం వల్ల నాకు ఆ బాధ లేకుండా పోయింది.

ఈ మధ్య మా తమ్ముడి కూతురు ఇలాంటి ఉద్యోగంలోనే చేరింది. "పెదనాన్నా, నీ అనుభవం ఏటైనా రాసియ్యి, సదువుకుంటాను" అంది. ఫైర్‌వాల్ ఎలా పెట్టాలో, పాస్‌వర్డు ఎన్నాళ్ళకు మార్పించాలో దానికి నాకంటే బాగా తెలుసు. ఆ సంగతులు రాయను. అది అడిగింది పని గురించి కాబట్టి పని గురించే రాస్తాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనీ.

పదకొండు పేజీలు

ప్రతి ఆఫీసులోనూ ఇంటర్నెట్ పాలసీ అని ఒకటి ఉంటుంది. ఉద్యోగి ఆఫీసు నెట్‌ను సొంత పనికి వాడకూడదు, ఇది చూడకూడదు, అది దించుకోకూడదు, వాడితే ఫలానా శిక్ష అని. మా పాలసీ రాసింది నేనే. రాశాను అనడం కూడా పెద్ద మాట. నెలాఖరులోగా పాలసీ కావాలని కలకత్తా హెడ్డాఫీసు నుంచి కబురొస్తే, నెట్‌లోనే వెతికి ఎవరిదో కంపెనీ పాలసీ దించి, పేర్లు మార్చి పంపేశాను. పదకొండు పేజీల ఇంగ్లీషు. ఏడో పేజీలో ఆ కంపెనీ పేరు మార్చడం మర్చిపోయాను. హెడ్డాఫీసు ఆమోదించింది. ఆఫీసంతా సంతకాలు పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత నేనే చూసుకుని దిద్దుకున్నాను తప్ప, అప్పటిదాకా ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు.

నవ్వొచ్చే సంగతే, నేనూ చాలామందికి చెప్పి నవ్వించాను. తర్వాత నవ్వడం మానేశాను. ఎవరూ చదవని కాగితం మీద మనిషి చేత సంతకం పెట్టించుకుంటే, ఆ సంతకం ఏదో ఒకరోజు ఆ మనిషి మీదే పనికొస్తుంది. మిగతా రోజుల్లో ఆ కాగితం బీరువాలో పడి ఉంటుంది.

సూర్యంగారు

నాకు పని నేర్పింది మొదటి బాసు సూర్యంగారు. విజయనగరం వైపు మనిషి. చండశాసనుడు. ఆయన గదిలోకి వెళ్ళేటప్పుడు చొక్కా బొత్తాలు సరిచూసుకునేవాళ్ళం.

చేరిన కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒక రిపోర్టు రాశాను. కొనుగోళ్ళ సెక్షన్‌లో ఒకాయన రోజుకు మూడు నాలుగు గంటలు ఆఫీసు పని కాని సైట్లు చూస్తున్నాడని, పేరు, టైములతో సహా. సూర్యంగారు అది చదివి, "నువ్వు ఆడి కుర్సీ దాకా ఎల్లినావా?" అన్నారు. లేదన్నాను. లేచి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ కొనుగోళ్ళాయన టేబుల్ మీద భార్య స్కాన్ రిపోర్టులు ఉన్నాయి. అతను చూసేదంతా ఆ జబ్బు గురించే. ఏ ఊళ్ళో ఏ డాక్టరున్నాడో ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. సూర్యంగారు గదికొచ్చి నా రిపోర్టు నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "ముందు కుర్సీ దగ్గరికెల్లు. కాయితం తరవాత రాయి" అన్నారు.

ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఈ ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు. ఆయన ఉన్నంతకాలం పాటించాను. ఆయన రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయాక మెల్లగా బద్ధకం వచ్చింది. కుర్చీలు ముప్పై, లాగ్ మాత్రం నా బల్ల మీదే ఉండేది.

లాగ్ అంటే, ఏ లాగిన్ మీద ఏ సైటు ఎన్ని గంటలకు తెరిచారో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా. అందులో మనిషి ఉండడు, మనిషి పేరు ఉంటుంది. ఈ తేడా నాకు బాగా తెలుసు. తెలిసి చేసిన తప్పు గురించే ఇక చెప్పబోతున్నాను.

ముందొచ్చినవాళ్ళు తెరుస్తారు

తయారైన సరుకు లారీలకెక్కించి పంపే డిస్పాచ్ సెక్షన్‌లో అయిదుగురు మనుషులకు రెండు కంప్యూటర్లు. అందరికీ వేరే వేరే లాగిన్లు ఇచ్చాను. నెలకోసారి పాస్‌వర్డు మార్చాలని పెట్టాను. ఇంకేముంది, రోజూ ఎవడో ఒకడు పాస్‌వర్డు మర్చిపోవడం, లాగిన్ బిగుసుకుపోవడం, "రావ్‌దా, ఏక్‌టు ఖులే దిన్", కాస్త తెరిచిపెట్టండి అని ఫోను చెయ్యడం. విసుగెత్తి ఒకరోజు నేనే చెప్పాను: పొద్దున్న ఎవరు ముందొస్తే వాళ్ళ లాగిన్‌తో తెరవండి, సాయంత్రం దాకా అందరూ దాని మీదే పని చేసుకోండి, నన్ను చంపకండి అని.

ఎక్కడా రాసి పెట్టలేదు. నోటి మాటగా చెప్పానంతే. పాలసీ ఆరో పేజీలో ఒకరి లాగిన్ ఇంకొకరు వాడితే శిక్ష అని నేనే పెట్టాను. దాన్ని నేనే నోటితో రద్దు చేశాను.

ఆ సెక్షన్‌లో పొద్దున్నే అందరికంటే ముందొచ్చేది గ్రేస్. మన తెలుగమ్మాయే, ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో మాకు నాలుగు వీధుల అవతల ఉండేది. భర్త మా ఫ్యాక్టరీలో అచ్చులు తయారుచేసే మోల్డింగ్ షాపులో పనిచేస్తూ గుండె జబ్బుతో పోతే, ఆ ఉద్యోగానికి బదులు ఈమెకు డిస్పాచ్‌లో గుమాస్తా పని ఇచ్చారు. అత్తగారు, కూతురు, తను. ఆ ఇంటికి ఆ ఒక్క ఉద్యోగమే ఆధారం. కూతురు అప్పుడే నర్సింగ్‌లో చేరింది. గ్రేస్ ఏడున్నరకే సైకిలు మీద వచ్చి, తాళాలు తీయించి, కంప్యూటర్ తెరిచేది. అందువల్ల డిస్పాచ్‌లో ఆ కంప్యూటర్ మీద రోజంతా ఎవరేం చేసినా లాగ్‌లో ఒకే పేరు పడేది.

ఆమె కూడా నెట్ వాడేది, కాదనను. మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో. వాళ్ళ చర్చి సంఘంలో పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇక్కడ మూడో తరం అంతా అంతే, మా ఇంట్లోనూ అంతే. ఆదివారం ఆరాధనలో పిల్లలు నోరు కదపకుండా నిలబడుతున్నారని, తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లోకి మార్చే సైటు ఒకటి పట్టుకుని, రోజుకు ఒకటో రెండో పాటలు మార్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న కాగితాల మీద అచ్చు తీసుకునేది. ఒకసారి నన్నే అడిగింది, "అన్నా, పర్లేదా?" అని. "పర్లేదులే, కానియ్" అన్నాను.

ఒక సినిమా

ఒక సోమవారం డిస్పాచ్ కంప్యూటర్లు రెండూ తెల్లమొహం వేశాయి. వైరస్. సరుకు లెక్కలు, లారీల కాగితాలు ఏవీ తెరుచుకోలేదు. రెండు రోజులు లారీలు గేటు బయట బారులు తీరాయి. మూడో రోజుకు పాత కాపీల నుంచి మళ్ళీ లేపాను. హెడ్డాఫీసుకు అది చాల్లేదు. శనివారంలోగా ఒక పేరు పంపమన్నారు.

లాగ్ తీశాను. అంతకు ముందు శుక్రవారం పొద్దున్న పదకొండు దాటాక, సినిమాలు దొంగతనంగా దించుకునే సైటు ఒకటి తెరిచారు. అక్కడి నుంచే పురుగు లోపలికొచ్చింది. దించింది ఒక తెలుగు సినిమా. లాగిన్, గ్రేస్‌ది.

మా మేనేజరు సేన్‌సాహెబు నా భుజం మీదుగా వంగి తెర మీద సినిమా పేరు చదివి నవ్వారు. "తెలుగు సినిమా! రావ్‌దా, ఈ ఆఫీసు గదుల్లో తెలుగువాళ్ళు మీరిద్దరే. దించింది మీరు కాదు కదా?" అన్నారు.

నేనూ నవ్వాను. భయం వేసి నవ్వాను.

సినిమా పేరు పక్కనే, అదే వరుసలో, హిందీ డబ్బింగ్ అని స్పష్టంగా ఉంది. తెలుగు సినిమా హిందీలో చూడాల్సిన ఖర్మ తెలుగువాళ్ళకేం పట్టింది? మా క్యాంటీన్లో మధ్యాహ్నం ఫోన్లు పట్టుకుని మన హీరోల ఫైట్లు హిందీలో చూసేదంతా బెంగాలీ కుర్రాళ్ళే. గ్రేస్ అయితే ఇంట్లో టీవీలో కూడా సినిమా పెట్టనివ్వదు. ఇదంతా ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఒక్క ముక్క చెబితే, తర్వాత ప్రశ్న ఆమె లాగిన్‌తో ఇంకొకడు ఎలా పనిచేశాడు అని వస్తుంది. దాని తర్వాత ప్రశ్న నా దగ్గరికొస్తుంది. నేను నోరు మూసుకున్నాను. రిపోర్టులో లాగిన్ పేరు, టైము, సైటు రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. డిస్పాచ్ సెక్షన్ నా గదికి నలభై అడుగుల దూరం. అటు నడవలేదు.

ఒకటే ప్రశ్న

విచారణ మరుసటి వారం గురువారం. సేన్‌సాహెబు, కలకత్తా నుంచి వచ్చిన హెచ్చార్ మేడం, నేను. గ్రేస్‌కు బెంగాలీ మనకంటే శుభ్రంగా వచ్చు. అయినా మేడం నాతో, "ఆవిడ భాషలోనే అడగండి. రేపు నాకు అర్థం కాలేదు అనకుండా" అంది.

అడగాల్సిన ప్రశ్న కాగితం మీద ముందే టైపు చేసి ఉంది. కంపెనీ ఇంటర్నెట్‌ను సొంత పనికి వాడారా? అంతే. సినిమా మాట లేదు, వైరస్ మాట లేదు. పాలసీలో తప్పు అంటే అదే కాబట్టి ప్రశ్న కూడా అదే.

నేను తెలుగులో అడిగాను.

గ్రేస్ నా మొహం వైపు చూసింది. "పాటల గురించా అన్నా?" అంది.

అక్కడ నేను కాదమ్మా అనాలి. సినిమా సంగతి చెప్పాలి. "అడిగినదానికి సెప్పు గ్రేస్, ఆల్లు రాసుకుంటారు" అన్నాను.

"వాడినాను. రోజూ అన్నం యేళ ఓ అరగంట, సంఘం పాటలకి. నిన్ను అడిగే సేసినాను గదా అన్నా. కాయితాలు నావే" అంది. ఆమె గొంతులో భయం లేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

మేడం పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. "అవును, వాడానంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. అన్నం వేళన్న మాట, పాటల మాట, నన్నడిగి చేశానన్న మాట మింగేశాను. మేడం 'ఒప్పుకుంది' అని రాసి కింద గీత గీసింది. గ్రేస్ చూపించిన చోట సంతకం పెట్టి, నా వైపు తలూపి వెళ్ళిపోయింది.

తపన్

మర్నాడు టీ వేళకు డిస్పాచ్‌లో పనిచేసే తపన్ నా గదికొచ్చి తలుపు వేశాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పూరీ గేట్ దగ్గర ఉండేవాడు. "దాదా, ఆ సినిమా దించింది నేను. ఆ టైముకి గ్రేస్ దీదీ లారీల బరువులు రాసుకోవడానికి కాటా దగ్గరుంది. ఏదో తిట్టి వదిలేస్తారనుకున్నాను. దీదీ ఉద్యోగం తీసేస్తారట కదా. నేను వెళ్ళి సాహెబుతో చెప్పేస్తాను" అన్నాడు.

వాడి మనసు మారకముందే చెయ్యి పట్టుకుని సేన్‌సాహెబు గదికి తీసుకెళ్ళాలి. నేను ఏమన్నానో వినండి. "తొందరపడకు తపన్. ఆర్డరు ఇంకా రాలేదు. నేను మాట్లాడి చూస్తాను. నువ్వు నోరు విప్పావంటే నీ ఉద్యోగమూ పోతుంది, ఆమెదీ దక్కదు. పిల్లలున్నవాడివి" అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుని, "మీరు చూసుకుంటారు కదా దాదా?" అన్నాడు. చూసుకుంటానన్నాను. వాడు వెళ్ళిపోయాడు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

పిల్ల గ్రేస్‌కూ ఉంది. ఆ మాట నాకు తట్టకపోలేదు. తపన్ నిజం చెబితే లాగిన్ సంగతి బయటపడేది, అందరి వేళ్ళూ నా వైపు తిరిగేవి. నాకు రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్ళుంది. నేను కాపాడింది తపన్‌ను కాదు.

శనివారం ఆర్డరు వచ్చింది. గ్రేస్ ఉద్యోగం పోయింది. సేన్‌సాహెబు చెడ్డవాడేం కాదు, ఆ సాయంత్రం మనసు బాగోలేదని తొందరగా ఇంటికి వెళ్ళిపోయారు. చెడ్డవాడు ఒక్కడూ లేకుండానే ఆ పని జరిగిపోయింది. అందరం పాలసీ ప్రకారం నడిచాం.

ఆ తర్వాత వారం నేను డిస్పాచ్‌కు వెళ్ళి, ఎవరి లాగిన్‌తో వాళ్ళే తెరవాలని ఖచ్చితంగా చెప్పి, గోడకు కాగితం అంటించాను. తపన్ ఆ కాగితాన్ని చదివి నా వైపు చూశాడు. ఆ తర్వాత వాడు నన్ను దాదా అని పిలవలేదు, సార్ అనేవాడు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు.

అమ్మడూ, నీకు చెప్పేదొకటే. నీ రిపోర్టులో రాసిన ప్రతి మాటా నిజమై ఉండొచ్చు, అయినా దానితో ఒక మనిషిని నాశనం చెయ్యొచ్చు. నేను చేశాను. ఆ ఏడాది నా పనికి మెచ్చుకుంటూ హెడ్డాఫీసు ఉత్తరం కూడా పంపింది.

హిజ్లీ

గ్రేస్ వాళ్ళు ట్రాఫిక్ సెటిల్‌మెంట్ వదిలి ఎటో వెళ్ళిపోయారు. కూతురు నర్సింగ్ మధ్యలో మానేసి గోల్‌బజార్‌లో ఒక బట్టల దుకాణంలో నిలబడుతోందని విన్నాను. ఆ దుకాణం వైపు వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కన నడిచేవాణ్ణి.

రిటైరయ్యాక ఏడాదికి, వాళ్ళ సంఘం పెద్ద ఒకాయన చెబితే గ్రేస్ సంగతి తెలిసింది. హిజ్లీలో, యూనివర్సిటీ ప్రొఫెసర్ల క్వార్టర్లలో, మంచం పట్టిన ఒక పెద్దావిడను చూసుకునే పని చేస్తోందట. రెండు నెలలు వెళ్దామా మానేద్దామా అని కొట్టుమిట్టాడి, ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

గేటు దగ్గర సైకిలు ఆపి ఉంది. గ్రేస్ వరండాలో దుప్పట్లు ఆరేస్తోంది. చిక్కిపోయింది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని, "వందనాలన్నా, ఒదిన బాగుందా?" అంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు. వచ్చేటప్పుడు దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ నిలబడే చెప్పేశాను. లాగిన్ సంగతి, హిందీ డబ్బింగ్ సంగతి, తపన్ సంగతి, ఆమె చెప్పింది సగం మింగి ఇంగ్లీషులో చెప్పిన సంగతి.

ఆమె ఆశ్చర్యపోలేదు. దుప్పటి కొస సరిచేసింది.

"నాకు ఇంగ్లీసు రాపోయినా, నాను అంత పొడుగు సెప్తే నువ్వు రెండు ముక్కలన్నావు గదా. గది బైటికొచ్చీసరికే తెలిసింది" అంది.

"మరి అప్పుడే అడగొచ్చు కదమ్మా. సేన్‌సాహెబుతో బెంగాలీలో నువ్వే చెప్పుకోవచ్చు కదా" అన్నాను. తప్పు ఆమె మీదికి కొంచెమైనా జరుగుతుందేమోనని అన్నట్టుంది. అన్నాక సిగ్గేసింది.

లోపలి నుంచి పెద్దావిడ పిలిచింది. గ్రేస్ వస్తున్నానని బెంగాలీలో కేకేసి, గుమ్మం దగ్గర ఆగింది.

"సంతకం ఎట్టీసినాక ఏటి సెప్తానన్నా? ఆల్లు బంగ్లా బాసలో అడిగుంటే నాకేటీ తెల్దు అనీసి బైటికొచ్చీసీదాన్ని. సాహెబులు అడిగితే అలాగే అనమని మా నాన్న సెప్పీవోడు. మన బాసలో నువ్వడిగినావు. మనోడున్నాడు గదా అని నిజం సెప్పినాను."